గ్రీన్స్ డిక్షనరీ ఆఫ్ స్లాంగ్: ‘కూల్’ అనే మాట వెంట ఒక పరిశీలన

ఇంగ్లీషు స్లాంగ్‌కు అర్థం కావలసివచ్చినప్పుడు మనలో చాలామంది ముందుగా తెరిచేది అర్బన్ డిక్షనరీ. 1999లో మొదలైన ఆ సైట్‌లో ఎవరైనా అర్థం రాయవచ్చు, చదివినవారు దానికి ఓటు వేయవచ్చు. నిన్న మొన్న పుట్టిన మాట దొరకాలంటే అదే చోటు గానీ, అర్థం ఎక్కడ ముగిసి వెటకారం ఎక్కడ మొదలైందో అక్కడ తేల్చుకోవడం కష్టం. జొనాథన్ గ్రీన్ అనే బ్రిటిష్ నిఘంటుకర్త దశాబ్దాల పాటు కూర్చిన ‘గ్రీన్స్ డిక్షనరీ ఆఫ్ స్లాంగ్’ దారి వేరు. 2010లో మూడు సంపుటాలుగా అచ్చయి, 2016లో ఇంటర్నెట్‌లోకి వచ్చిన ఈ నిఘంటువును ఇప్పుడు పైసా చెల్లించకుండా వాడుకోవచ్చు. అందరికీ తెలిసిన ‘కూల్’ అనే మాటను, దాని చుట్టాలను పట్టుకుని వెళితే దీని బలమూ లోపమూ రెండూ తెలుస్తాయి.

పోలికకు ముందుగా మెరియం-వెబ్‌స్టర్ వంటి ప్రామాణిక నిఘంటువును చూడాలి. అందులో అర్థాలను పుట్టిన క్రమంలో పేరుస్తారు కనుక, చల్లదనంతో మొదలై, ఆవేశపడని నిబ్బరం, ముభావం, జంకు లేని పొగరు, చిత్రకారులు చెప్పే నీలి-ఆకుపచ్చ ఛాయలు, ఒక రకం జాజ్ సంగీతం, ‘ఎ కూల్ మిలియన్’ అన్నప్పుడు సొమ్ము మీద వేసే ఒత్తు, ఇలా అన్నీ దాటాక గానీ నేటి కుర్రకారు అనే ‘బాగుంది’ దగ్గరకు చేరము. వ్యుత్పత్తి కూడా అక్కడే ఉంటుంది. కూల్, కోల్డ్, చిల్ మూడూ పాత ఇంగ్లీషు నాటి ఒకే కుటుంబానివి. మంచు అనే అర్థమున్న లాటిన్ ‘గెలు’ కూడా ఆ వంశానిదే కాబట్టి మన పిల్లలు తినే జెల్లీకీ వీటికీ దూరపు చుట్టరికం ఉంది. వరుసలో పక్కనే కనిపించే ‘కూలీ’కి మాత్రం ఈ కుటుంబంతో ఏ సంబంధమూ లేదు. అది భారతీయ భాషల నుంచి వెళ్ళిన మాట. ఇంగ్లీషులో దానిని మనిషికి అంటగడితే తిట్టు కిందే లెక్క.

ఇంతవరకు ప్రామాణిక నిఘంటువుకు వంక పెట్టనవసరం లేదు. అయితే ఆ మాటను ఎవరు, ఏ దేశంలో, ఏ కాలంలో అన్నారన్న ప్రశ్న వచ్చేసరికి గ్రీన్ నిఘంటువు అవసరం తెలుస్తుంది. ఇందులో ప్రతి అర్థం కిందా సంవత్సరం, దేశం సూచిస్తూ ఉదాహరణలు వరుసగా ఉంటాయి. ఉదాహరణకు, 19వ శతాబ్దపు లండన్ వీధుల్లో కూరగాయలు, చేపలు అమ్ముకునేవారు పోలీసులకు తెలియకుండా మాటలను తిరగేసి పలికేవారు. ‘లుక్’ను వెనక నుంచి చదివితే ‘కూల్’ అవుతుంది. ‘కూల్ హిమ్’ అంటే ‘అతన్ని చూడు’ అని అర్థం. 1851 నాటికే హెన్రీ మేహ్యూ అనే పాత్రికేయుడు లండన్ పేదల జీవితం మీద రాసిన గ్రంథంలో దీనిని నమోదు చేశాడు. చల్లదనంతో గానీ ప్రశంసతో గానీ పొత్తు లేని ఈ ‘కూల్’ను వేరు చేసి చూపకపోతే, పాత లండన్ కథను తెలుగు చేసేవారు ‘అతన్ని శాంతింపజెయ్యి’ అని రాసి ముందుకు సాగిపోతారు. అదే పద్ధతిలో ‘బాయ్’ని తిరగేయగా వచ్చిన ‘యాబ్’ మాత్రం అల్లరిమూక కుర్రాడనే అర్థంతో నేటికీ బ్రిటన్‌లో బతికే ఉంది.

‘భేష్’ అనే అర్థం సంగతి ఇంకా ఆసక్తికరం. అది అమెరికాలోని నల్లజాతివారి వాడుకలోంచి వచ్చింది. నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ 1933 నాటి కథలో ఆ ప్రయోగం కనిపిస్తుంది. ఆ తర్వాత జాజ్ కళాకారులు, ముఖ్యంగా శాక్సఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్, దానిని ప్రచారంలోకి తెచ్చారని చెబుతారు. 19వ శతాబ్దం చివరి నుంచే అమెరికన్లు జైలుగదిని ‘కూలర్’ అనేవారు. ఇలాంటి కాలసూచన అనువాదకులకు ఎంతో విలువైనది, ఎందుకంటే 1880ల నాటి పాత్ర చేత ప్రశంసగా ‘కూల్’ అనిపించిన రచయిత పొరబడ్డాడా, లేక ఆ మాటకు అక్కడ నిబ్బరమనే అర్థమా అన్నది దాని సాయంతోనే నిర్ణయించుకోగలరు.

లోపాలు లేకపోలేదు. ఉచ్చారణ వినే వీలు లేదు. ఒక్కో మాట కింద ఉదాహరణలు బారెడు ఉండటం వల్ల ఫోన్‌లో చదవడం విసుగు పుట్టిస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చోవడమే మేలు. బూతులు, జాతినింద మాటలు ఏ ముసుగూ లేకుండా ఉంటాయి కనుక బడిపిల్లలకు చూపదగినది కాదు. మన ‘కూలింగ్ గ్లాసెస్’, ‘కూల్ డ్రింక్’ వంటి భారతీయ ఇంగ్లీషు ప్రయోగాల కోసం దీని మీద ఆధారపడకూడదు, ఎందుకంటే దీని దృష్టి ప్రధానంగా బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియాల మీద ఉంటుంది.

పోటీ పరీక్షకు చదువుకునేవారికి మెరియం-వెబ్‌స్టర్ చాలు. సబ్‌టైటిల్స్ రాసేవారు, పాత నవలలు అనువదించేవారు మాత్రం గ్రీన్ నిఘంటువును బ్రౌజర్‌లో గుర్తు పెట్టుకుని, అనుమానం లేని మాటను కూడా ఒకసారి ఇందులో వెతికాకే వాక్యం ఖాయం చేసుకోవాలి.