పీఈ నిష్పత్తి: పదేళ్లు వాడాక

ఒడిశాలోని రాయగడ, కోరాపుట్ వైపు మన తెలుగువాళ్ల మధ్య షేర్ల మాటొస్తే అల్యూమినియం కంపెనీ నాల్కో పేరు రాక మానదు. దామన్‌జోడి రిఫైనరీ, పంచ్‌పత్‌మలి బాక్సైట్ గని పక్కనే ఉన్నాయి మరి. "పీఈ ఏడే, చవక" అంటూ కొనేదీ ఆ షేరునే. పీఈ అంటే షేరు ధర, షేరుకు వచ్చిన ఏడాది లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె. పదేళ్లు వాడిన మీదట చెబుతున్నా: ఒకే రంగంలోని కంపెనీలను పోల్చడానికి పీఈ అంత సులువైన కొలత నాకు దొరకలేదు. అయితే లాభం అంకెను ముందు శుభ్రం చేసుకోవాలి.

లెక్క చిన్నదే. షేరు ధరను ఈపీఎస్‌తో, అంటే షేరుకు వచ్చిన ఏడాది లాభంతో భాగించాలి. యాప్‌లో కనిపించే పీఈని పట్టుకోకండి. ఎక్స్ఛేంజి సైట్‌లో ఫలితాలు తెరిచి చివరి నాలుగు క్వార్టర్ల ఈపీఎస్ మీరే కూడండి, అదీ కన్సాలిడేటెడ్ (అనుబంధ కంపెనీల లాభాలూ కలిపిన) పట్టికలోంచి. 2021లో ఎన్ఎస్ఈ ఎక్స్ఛేంజి తన నిఫ్టీ సూచీ పీఈకి స్టాండలోన్ (కంపెనీ ఒక్కదాని) లాభాల బదులు కన్సాలిడేటెడ్ లాభాలు తీసుకోగానే అది 40 నుంచి 33 దగ్గరికి దిగింది. మారింది లెక్క ఒక్కటే.

తర్వాత 'అసాధారణ అంశాలు' అనే వరుస చూడండి. షేరు 400, ఈపీఎస్ 40 అయితే పీఈ 10. అందులో 22 రూపాయలు స్థలం అమ్మితే వచ్చినవనుకోండి, పన్ను పోను. అసలు వ్యాపారం తెచ్చింది 18 రూపాయలే. పీఈ 22 దాటింది! ఈ వరుస చూడకుండా కొన్న షేరు చవకో కాదో ఎవరూ చెప్పలేరు. బోనస్ దగ్గరా ఇదే చిక్కు: 1:1, అంటే ఉన్న ప్రతి షేరుకు ఇంకో షేరు ఉచితంగా ఇచ్చాక ధర సగమవుతుంది, పాత క్వార్టర్ల ఈపీఎస్‌నూ సగం చేయకపోతే పీఈ అబద్ధం చెబుతుంది.

బ్యాంకులకు పీఈతో పాటు పుస్తక విలువ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) చూడాలి. నష్టాల్లో ఉన్న కంపెనీకి పీఈయే ఉండదు.

ఇక నాల్కో లాంటి లోహం షేర్లు. వీటికి పీఈని తిరగేసి చదవాలి: పీఈ తక్కువగా కనిపిస్తే లాభాలు శిఖరాన ఉన్నాయేమోనని అనుమానించాలి. 2022 మార్చిలో లండన్‌లో అల్యూమినియం టన్ను 4,000 డాలర్లు తాకింది. 2021-22లో నాల్కో లాభం దాదాపు 2,950 కోట్లు, ఈపీఎస్ 16. పీఈ ఒంటి అంకెలో ఉంది. మరుసటి ఏడాదికి లోహం ధర దిగి, లాభం దాదాపు సగానికి పడింది. లాభం సగమైతే షేరు ధర కదలకపోయినా పీఈ రెట్టింపవుతుంది. అందుకే లోహం, సిమెంటు, పేపరు, చక్కెర కంపెనీలకు ఒక్క ఏడాది ఈపీఎస్ వాడను. మంచీ చెడూ రెండూ కలిసేలా ఏడెనిమిదేళ్ల ఈపీఎస్ సగటు తీసి, ఇవాళ్టి ధరను దాంతో భాగిస్తాను. లాభాలు శిఖరాన ఉన్నప్పుడు ఇలా చేస్తే "ఏడే" అన్న పీఈ చాలాసార్లు పన్నెండు, పదిహేను అని తేలుతుంది.