గాల్‌బ్లాడర్ రాళ్లు: మాత్రలా, ఆపరేషనా?

కాలేయం కింద పైత్యరసం నిల్వ ఉండే సంచే గాల్‌బ్లాడర్. స్కానింగ్‌లో అందులో రాళ్లు కనబడగానే చాలామంది అడిగేది "మాత్రలతో కరగవా డాక్టర్?" అనే. కరుగుతాయి, కానీ అన్నీ కాదు. అర్సోడియాక్సికోలిక్ యాసిడ్ మాత్రలు చిన్న కొలెస్ట్రాల్ రాళ్ల మీదే పనిచేస్తాయి; కాల్షియం పట్టినవాటిని, నల్లరాళ్లను ఏమీ చేయలేవు. 6 నెలల నుంచి 2 ఏళ్ల వరకు వాడాలి. కరిగాక కూడా 5 ఏళ్లలో దాదాపు సగం మందికి మళ్లీ వస్తాయి. సంచి అక్కడే ఉంది కదా మరి!

లాపరోస్కోపీ ఆపరేషన్‌లో మూడు నాలుగు చిన్న రంధ్రాలతో ఆ సంచినే తీసేస్తారు. తర్వాత పైత్యరసం కాలేయం నుంచి నేరుగా పేగులోకి వెళ్తుంది. కొందరికి కొన్నాళ్లు విరేచనాలు పలచగా అవుతాయి; పైత్యనాళానికి గాయమవడం అరుదు. నొప్పి వస్తున్నవారికైతే నా ఓటు దీనికే.

నొప్పే లేకపోతే ఎక్కువమందికి రెండూ అక్కర్లేదు. జ్వరం, కామెర్లు కనబడితే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.