ఖతరా, దుబాయా? కూలి పనికి పోయేవాళ్ల కోసం

జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లు వీసా ఖర్చు ఎంతని అడుగుతారు. అక్కడి చట్టం ఏమిటని అడిగేవాళ్లు తక్కువ.

ముందు జీతం. ఖతర్‌లో 2021 మార్చి నుంచి ఏ దేశపు కార్మికుడికైనా నెలకు కనీసం 1,000 రియాళ్లు ఇవ్వాల్సిందే. కంపెనీ తిండి పెట్టకపోతే 300, గది ఇవ్వకపోతే 500 అదనం. దుబాయ్ ఉన్న యూఏఈలో వలస కూలీకి ఇలాంటి కనీస వేతనం లేదు. కాంట్రాక్టులో ఏం రాస్తే అదే. కాబట్టి అక్కడికి పోతుంటే 'బేసిక్' (అలవెన్సులు కలపని అసలు జీతం) ఎంతో విడిగా చూడండి. అలవెన్సులన్నీ కలిపి పెద్ద అంకె చెప్పే ఏజెంట్లకు కొదవ లేదు; పని మానేటప్పుడు చివర్లో ఒకేసారి వచ్చే గ్రాట్యుటీ మాత్రం బేసిక్ మీదే లెక్క.

ఎండ సంగతి ఇంకా ముఖ్యం. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని నిషేధం. ఖతర్‌లో జూన్ 1 నుంచే, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా. అంటే రోజుకు మూడు గంటలు ఎక్కువ నీడ.

జీతం బ్యాంకు ద్వారా ఇవ్వాలన్న రూలు రెండు చోట్లా ఉంది. హెల్పర్‌గా, కట్టడాల పనికి పోతే నా ఓటు ఖతర్‌కే. చేతిలో ఎలక్ట్రికల్ పనో, డ్రైవింగో ఉంటే దుబాయ్ కూడా చూడొచ్చు.