జాగ్రత్త: ‘ఎస్‌వీసీహోస్ట్ వైరస్’ అని భయపెట్టి క్లీనర్ సాఫ్ట్‌వేర్ అంటగడుతున్నారు

కంప్యూటర్ స్లో అయిందని క్లీనరో, స్పీడ్ బూస్టరో కొనబోతున్నవాళ్లు ఎవరైనా ఉంటే కార్డు నంబరు కొట్టే ముందు ఇది ఒక్కసారి చదవండి. నేను కొన్నాను. డబ్బులు పోయాయి, వాటితో పాటు మూడు రోజులు నిద్ర కూడా పోయింది. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, పేర్లు మారుస్తూ ఉంటారు. వాళ్ల పద్ధతి తెలిస్తే ఏ పేరుతో వచ్చినా గుర్తుపట్టగలుగుతారు.

మా ఇంట్లో కంప్యూటర్ రెండు మూడు రోజులుగా మొరాయిస్తోంది. ఫైల్ తెరుచుకోవడానికి నిమిషం పడుతోంది, మౌస్ ఆగి ఆగి కదులుతోంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాను. కంప్యూటర్‌లో ఆ క్షణాన నడుస్తున్న ప్రోగ్రాములు, అంటే ప్రాసెస్‌లు, అందులో కనిపిస్తాయి. డీటెయిల్స్ ట్యాబ్‌లో కిందికి వెళ్తుంటే ఎస్‌వీసీహోస్ట్ అన్న పేరు వరసగా వస్తూనే ఉంది. లెక్కపెడితే 70 దాటాయి. నేను ఇన్‌స్టాల్ చేసింది కాదు, ఏం చేస్తుందో తెలియదు, అన్నిసార్లు ఎందుకు నడుస్తోందో అసలే తెలియదు. గుండె గుభేలుమంది.

ఆ పేరుతోనే నెట్‌లో వెతికాను. సరిగ్గా అక్కడే వల వేసి ఉంచారు. ఒక పేజీలో ఎస్‌వీసీహోస్ట్ అంటే ఏంటో రెండు పేరాలు పద్ధతిగానే రాసి, కింద “ఈ ప్రాసెస్ మీ కంప్యూటర్‌లో ప్రమాదకరంగా మారి ఉండవచ్చు, ఉచితంగా స్కాన్ చేసుకోండి” అని పెద్ద ఆకుపచ్చ బటన్ పెట్టారు. స్కాన్ ఉచితమే. రెండు నిమిషాల్లో 1,384 సమస్యలు ఉన్నాయని ఎర్ర అక్షరాల్లో చూపించింది. వాటిని సరిచేయాలంటే మాత్రం ఏడాది చందా కట్టాలట. కట్టేశాను.

కట్టిన తర్వాత గానీ ఆ జాబితా విప్పి చూడలేదు. మీరు ముందే చూడండి. సగానికి పైగా బ్రౌజర్ కుకీలు, అంటే వెబ్‌సైట్లు మనల్ని గుర్తుపెట్టుకోవడానికి దాచే చిన్న ఫైళ్లు, ఒక్కో కుకీని ఒక్కో సమస్య కింద లెక్కేశారు. నేను ఇటీవల తెరిచిన ఫైళ్ల పేర్లు కొన్ని. విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో, ఎప్పుడో తీసేసిన ప్రోగ్రాముల తాలూకు మిగిలిపోయిన ఎంట్రీలు ఇంకొన్ని. ఆ ఎంట్రీలు పడి ఉన్నంత మాత్రాన కంప్యూటర్ నెమ్మదించదు, తీసేస్తే వేగం పెరగదు. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్ట్ తన సపోర్ట్ పేజీలోనే రాసింది. ఇక తమాషా ఏంటంటే “అన్నీ సరిచేశాం, సమస్యలు 0” అని చూపించిన ఆ సాఫ్ట్‌వేరే మర్నాడు పొద్దున మళ్లీ 612 ఉన్నాయంది. రాత్రంతా కంప్యూటర్ ఆఫ్‌లో ఉంది!

అసలు దెబ్బ ఇది కాదు. “యాక్టివేషన్‌లో సహాయం చేస్తాం” అని ఒక ఫోన్ నంబరు ఇచ్చారు. చేస్తే చాలా మర్యాదగా మాట్లాడే మనిషి ఎత్తాడు. రిమోట్‌లో కంప్యూటర్ చూడటానికి ఒక చిన్న ప్రోగ్రామ్ వేయించాడు. అప్పుడు మా అక్క పక్కనే కూర్చుని తన ల్యాప్‌టాప్‌లో పని చేసుకుంటోంది.

అతను ముందు ఈవెంట్ వ్యూయర్ తెరిచాడు. ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు వందల కొద్దీ. “చూశారా సార్, ఇవన్నీ ఇన్ఫెక్షన్లే” అన్నాడు. ఆ తర్వాత విండోస్‌లో తెర వెనక పనిచేసే సర్వీసుల జాబితా తెరిచి ‘స్టాప్డ్’ అని ఉన్నవి చూపించి, “వైరస్ వీటిని చంపేసింది” అన్నాడు. టాస్క్ మేనేజర్‌లో సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ పక్కన 96 అని ఉంటే, “మీ ప్రాసెసర్‌ని 96 శాతం ఇదే తినేస్తోంది” అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

చివరగా నల్ల తెర, అంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, అసోక్ అనే కమాండ్ కొట్టాడు. పెద్ద జాబితా దొర్లింది. దాని చివర్లో 888తో మొదలయ్యే పొడవాటి నంబరు ఒకటి ఉంది. “ఇది మీ కంప్యూటర్ లైసెన్స్ ఐడీ సార్. ఈ నంబరు ప్రపంచంలో మీ ఒక్కరికే ఉంటుంది. మా సర్వర్‌లో దీని మీదే హెచ్చరికలు వస్తున్నాయి” అంటూ నెమ్మదిగా చదివి వినిపించాడు. మూడేళ్ల ‘కేర్ ప్లాన్’ తీసుకోకపోతే ఈ రాత్రికే లాక్ అయిపోతుందన్నాడు. నేను కార్డు కోసం లేచాను.

అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. “ఒరేయ్, ఆగు. నేనూ కొట్టి చూస్తాను” అని తన ల్యాప్‌టాప్‌లో అదే కమాండ్ కొట్టింది. అదే జాబితా, చివర్లో అదే 888 నంబరు, ఒక్క అంకె తేడా లేదు. “నీ ఒక్కడికే ఉండే నంబరు నా దాంట్లోకి ఎలా వచ్చిందిరా?” అంది. నేను ఫోన్‌లో అదే మాట అడిగాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత “మేడమ్ ల్యాప్‌టాప్‌కి కూడా పాకింది సార్” అన్నాడు. అక్క ఇంటర్నెట్ కేబుల్ పీకేసింది.

ఆ తర్వాత రెండు రోజులు కూర్చుని ఒక్కో విషయం చదివి తెలుసుకున్నాను. ఆ నంబరు విండోస్‌లో కుడి క్లిక్ చేస్తే వచ్చే ‘సెండ్ టు’ మెనూకి సంబంధించిన గుర్తింపు సంఖ్య. విండోస్ ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ అదే ఉంటుంది. ఈవెంట్ వ్యూయర్ అనేది డైరీ లాంటిది, చిన్న తడబాటు జరిగినా రాసిపెడుతుంది. బాగా పనిచేసే కంప్యూటర్‌లో కూడా ఎర్ర గుర్తులు ఉంటాయి. నాకు చూపించిన వాటిలో చాలా భాగం 10016 నంబరువి. వాటిని పట్టించుకోనవసరం లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. ఆగి ఉన్న సర్వీసుల సంగతీ అంతే. చాలా సర్వీసులు అవసరం వచ్చినప్పుడు లేచి, పని అయ్యాక పడుకుంటాయి. ఇక ఆ ఐడిల్ ప్రాసెస్ గురించి చదివినప్పుడు నిజంగా ఒళ్లు మండింది. ఐడిల్ అంటే ఖాళీ. అక్కడ 96 ఉందంటే ప్రాసెసర్ 96 శాతం ఖాళీగా కూర్చుందని అర్థం. దాన్నే రోగం కింద చూపించాడు.

ఎస్‌వీసీహోస్ట్ గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అందరూ భయపడేది దీన్ని చూసే. విండోస్‌లో సౌండ్, నెట్‌వర్క్, అప్‌డేట్, ఫైర్‌వాల్, టైమ్ సరిచూసుకోవడం లాంటి చాలా పనులు సర్వీసుల రూపంలో ఉంటాయి. వాటి కోడ్ డీఎల్‌ఎల్ ఫైళ్లలో ఉంటుంది. డీఎల్‌ఎల్ తనంతట తాను నడవలేదు, దాన్ని ఎత్తుకుని నడిపించడానికి ఒక ప్రోగ్రామ్ కావాలి. ఆ పని చేసేదే ఎస్‌వీసీహోస్ట్. ఇంతకుముందు ఒక్కో ఎస్‌వీసీహోస్ట్ చాలా సర్వీసుల్ని కలిపి మోసేది. 2017లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1703 నుంచి, 3.5 జీబీ కంటే ఎక్కువ ర్యామ్ ఉన్న కంప్యూటర్లలో చాలా సర్వీసులకు విడివిడిగా ఒక్కో ఎస్‌వీసీహోస్ట్ ఇచ్చారు. ఒకటి కూలితే మిగతావి కూలకుండా ఉంటాయని, ఏది ఎక్కువ మెమరీ వాడుతోందో తేలిగ్గా తెలుస్తుందని అలా చేశారు. కాబట్టి జాబితాలో 70 కనిపించడం మామూలే. ఒక్కోదాని మీద కుడి క్లిక్ చేసి ‘గో టు సర్వీసెస్’ నొక్కితే అది ఏ సర్వీసును మోస్తోందో చూపిస్తుంది. నేను ఈ ఒక్క క్లిక్ ముందే చేసి ఉంటే ఆ ఆకుపచ్చ బటన్ జోలికి వెళ్లేవాణ్నే కాదు.

మెమరీ గురించి కూడా ఇలాగే మోసపోతాం. వాడని ర్యామ్‌ను విండోస్ ఊరికే ఉంచదు, మీరు తరచూ తెరిచే వాటిని ముందే తెచ్చి అందులో పెట్టుకుంటుంది. ఎవరైనా అడిగితే వెంటనే ఖాళీ చేసి ఇస్తుంది. నేను కొన్న సాఫ్ట్‌వేర్‌లో ‘ర్యామ్ బూస్ట్’ బటన్ నొక్కితే అంకె గబుక్కున తగ్గేది, చూడటానికి బాగుండేది. నిజానికి నడుస్తున్న ప్రోగ్రాముల దగ్గరున్న మెమరీని బలవంతంగా బయటికి నెడుతుంది. మళ్లీ ఆ ప్రోగ్రామ్‌లోకి వెళ్తే అవన్నీ వెనక్కి తెచ్చుకోవాల్సి వస్తుంది. బ్రౌజర్ అంతకుముందు కంటే ఎక్కువ తడబడింది.

అది చేసిన పాడు అక్కడితో ఆగలేదు. ‘అనవసర సర్వీసులు’ అంటూ, ప్రింటర్‌కి పనులు పంపే ప్రింట్ స్పూలర్‌ను ఆపేసింది. మూడో రోజు నాన్నగారు ఏదో ప్రింట్ తీయబోతే ప్రింటర్ ఉలకదు పలకదు. గంటసేపు ప్రింటర్‌నే తిట్టుకున్నాం. విండోస్ సెర్చ్‌ను ఆపేసింది, డాక్యుమెంట్లు వెతికితే దొరకడం మానేశాయి. విండోస్ అప్‌డేట్‌ను కూడా ఆపేసింది, ఇది మాత్రం నిజంగా ప్రమాదం. పైగా నేను టాస్క్ మేనేజర్ మళ్లీ తెరిచి చూస్తే, బ్యాక్‌గ్రౌండ్ భారం తగ్గిస్తానన్న ఆ సాఫ్ట్‌వేరే కొత్తగా నాలుగు ప్రాసెస్‌లు నడుపుతోంది. ఒకటి అప్‌డేటర్, ఒకటి షెడ్యూలర్, ఒకటి గడియారం పక్కన కూర్చునే ఐకాన్, నాలుగోది హెచ్చరికలు వేసేది.

ఇంతకీ నా కంప్యూటర్ ఎందుకు నెమ్మదించిందో తెలుసా? ఆ వారమే విండోస్ పెద్ద అప్‌డేట్ ఒకటి దిగింది. నాది పాత హార్డ్ డిస్క్, వేగంగా పనిచేసే కొత్త రకం ఎస్‌ఎస్‌డీ కాదు. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ కాలమ్ మీద నొక్కి వరస మారిస్తే మూడు పేర్లు పైకొచ్చాయి. అప్‌డేట్ ముక్కల్ని సర్దే విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్, ఫైళ్ల జాబితా తయారు చేసుకునే సెర్చ్ ఇండెక్సర్, యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ పేరుతో కనిపించే విండోస్ సొంత యాంటీవైరస్. డిస్క్ వాడకం 100 శాతం. ఆపేసిన సర్వీసులన్నీ మళ్లీ ఆన్ చేసి, ఒక రాత్రంతా కంప్యూటర్‌ను అలాగే నడవనిచ్చాను. పొద్దునకి అవన్నీ సద్దుమణిగాయి. స్టార్టప్ ట్యాబ్‌లో నాకు అక్కర్లేని ఏడు ప్రోగ్రాముల్ని డిసేబుల్ చేశాను. ఖర్చు సున్నా.

మ్యాక్ వాడేవాళ్లకు కూడా ఇలాంటి భయాలే ఉంటాయి. మ్యాక్‌లో టాస్క్ మేనేజర్ లాంటి యాక్టివిటీ మానిటర్‌లో కెర్నల్ టాస్క్ అనే ప్రాసెస్ విపరీతంగా సీపీయూ వాడుతున్నట్టు కనిపిస్తే అది వైరస్ అనుకోకండి. వేడెక్కిన ప్రాసెసర్ మీద మిగతా ప్రోగ్రాములు భారం వేయకుండా అది అడ్డుపడుతోందని ఆపిల్ చెబుతోంది.

నిజమైన వైరస్‌లు లేవని నేను అనడం లేదు. 2004లో సాసర్ అనే వర్మ్ (తనంతట తాను పాకే వైరస్ లాంటిది) లాగిన్‌లు చూసుకునే ఎల్‌సాస్ ప్రాసెస్‌లోని లోపం ద్వారానే చొరబడింది. ఎల్‌సాస్ పేరులో మొదటి ఎల్ బదులు పెద్ద ఐ అక్షరం పెట్టి మోసం చేసేవీ ఉన్నాయి. అనుమానం వస్తే కుడి క్లిక్ చేసి ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ నొక్కండి. ఎస్‌వీసీహోస్ట్, ఎల్‌సాస్, సీఎస్‌ఆర్‌ఎస్‌ఎస్ లాంటివి సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ కింద సిస్టమ్32లో ఉండాలి. డౌన్‌లోడ్స్‌లోనో, టెంప్‌లోనో కనిపిస్తే అప్పుడు కంగారు పడాల్సిందే. అసలు ఫైల్‌లో దాక్కునే మాల్వేర్ కూడా ఉంటుంది కాబట్టి విండోస్ డిఫెండర్‌లో (పైన చెప్పిన విండోస్ సొంత యాంటీవైరస్ ఇదే) ఫుల్ స్కాన్, ఆ తర్వాత ఆఫ్‌లైన్ స్కాన్ చేయండి. ఇంకా లోతుగా చూడాలంటే మైక్రోసాఫ్ట్ వాళ్లదే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ప్రతి ప్రాసెస్‌నూ, చాలా యాంటీవైరస్‌ల ఫలితాలు ఒకేచోట చూపించే వైరస్‌టోటల్ సైట్‌తో పోల్చి చూసుకునే వీలుంది. అర్థం కాని పేరు కనిపించగానే ‘ఎండ్ టాస్క్’ మాత్రం కొట్టకండి. విండోస్ నడవడానికి తప్పనిసరైన సీఎస్‌ఆర్‌ఎస్‌ఎస్‌ని ఆపితే నీలం తెర పడి సేవ్ చేయని పనంతా పోతుంది.

ఇది నా ఒక్కడికే జరిగింది కాదు. 2019లో అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి ఒక కేసును 3.5 కోట్ల డాలర్లకు పరిష్కరించింది. అక్కడ ‘పీసీ హెల్త్ చెక్’ పేరుతో ముందుగా కంప్యూటర్ నెమ్మదించిందా, పాపప్‌లు వస్తున్నాయా లాంటి నాలుగు ప్రశ్నలు వేసేవారు. ఒక్కదానికి టిక్ పెట్టినా చాలు, మాల్వేర్ లక్షణాలు ఉన్నాయని వచ్చేది. స్కాన్‌తో సంబంధమే లేదు! ఇలా భయపెట్టి కొనిపించే క్లీనర్లను 2018 మార్చి నుంచి విండోస్ డిఫెండర్ తనే పట్టుకుని తీసేయడం మొదలుపెట్టింది. నాది దానికి ఎందుకు చిక్కలేదంటే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిఫెండర్‌ను కాసేపు ఆపమన్నారు, నేను ఆపాను. ఎవరైనా అలా ఆపమంటే అక్కడే ఆగిపోండి. ఇంకొకటి, మైక్రోసాఫ్ట్ పంపే ఎర్రర్ మెసేజ్‌లలో ఎప్పుడూ ఫోన్ నంబరు ఉండదు. నంబరు ఉందంటే అది వాళ్లది కాదు.

ఇప్పటికే ఎవరినైనా రిమోట్‌లో లోపలికి రానిచ్చి ఉంటే ముందు ఇంటర్నెట్ కట్ చేయండి. ఆ రిమోట్ ప్రోగ్రామ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి పూర్తి స్కాన్ పెట్టండి. బ్యాంక్, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచో, కంప్యూటర్ నుంచో మార్చండి, ఆ కంప్యూటర్ నుంచి కాదు. బ్యాంకుకు వెంటనే చెప్పండి. నేను కార్డు బ్లాక్ చేయించి, కట్టిన డబ్బు మీద ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు.

కొన్నప్పటి ఈమెయిల్ మళ్లీ చదివితే, కింద చిన్న అక్షరాల్లో ఆటో రెన్యూవల్ అని ఉంది, అంటే గడువు తీరగానే చందా డబ్బు దానంతట అదే మళ్లీ కట్ అవుతుంది. కొనేటప్పుడు ఆ టిక్ వాళ్లే పెట్టి ఉంచారు, నేను చూడనే లేదు. అన్‌ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన అది ఆగదు, ఖాతాలోకి వెళ్లి విడిగా రద్దు చేయాలి. ఇలాంటిది ఏదైనా కొని మర్చిపోయినవాళ్లు ఈ రోజే మీ ఈమెయిల్‌లో ఆ రసీదు వెతకండి.