మాంగా అలమరకు లైబ్రరీథింగ్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

మాంగా, అంటే జపాన్ కామిక్స్, కొనే అలవాటు ముదిరాక జ్ఞాపకశక్తి మీద ఆధారపడటం కుదరదు. ఒక్కో సిరీస్ ఇరవై, ముప్పై వాల్యూములు నడుస్తుంది. వెన్నులన్నీ ఒకేలా ఉంటాయి, అంకె ఒక్కటే తేడా. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో ఏదో సిరీస్ 14వ వాల్యూమ్ కనబడితే, అది ఇంట్లో ఉందో లేదో అక్కడికక్కడే తేలాలి. వచ్చే వారం దాకా అది అక్కడ ఉండదు. కొన్నేళ్లుగా నా దగ్గరున్న కొన్ని వందల వాల్యూములకు లెక్క లైబ్రరీథింగ్ అనే సైటులోనే ఉంచుతున్నాను. ఇంతకాలం వాడాక దాని గురించి కాస్త వివరంగా చెప్పగలననిపించి రాస్తున్నాను.

ఇది మాంగా కోసం పుట్టిన సైటు కాదు. ఇంట్లో పుస్తకాలకు లైబ్రరీ తరహా కేటలాగ్ కావాలనుకునే మామూలు పాఠకుల కోసం 2005లో టిమ్ స్పాల్డింగ్ దీన్ని మొదలుపెట్టాడు. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ దీని ఊరు. ఒకప్పుడు 200 పుస్తకాలు దాటితే డబ్బు కట్టాల్సి వచ్చేది. 2020 మార్చి నుంచి ఎన్ని పుస్తకాలకైనా ఉచితం.

మాంగా అనగానే అందరూ మైఅనిమేలిస్ట్, అనీలిస్ట్ అనే సైట్ల పేర్లు చెబుతారు. రెండూ మంచివే, నాకు రెండింట్లోనూ ఖాతాలున్నాయి. కానీ అవి చదివిన లెక్కకు పనికొస్తాయి. సిరీస్ పేరు, ఎన్ని అధ్యాయాలు చదివాం, ఎన్ని వాల్యూములు చదివాం, ఎన్ని మార్కులు వేశాం, ఇంతే. అక్కడ 12 అని రాస్తే 1 నుంచి 12 దాకా అయిపోయిందని అర్థం. నా అలమరలో 1, 2, 5, 9 ఉంటే ఆ ఒక్క అంకెలో ఎలా చెప్పాలి? ఒకే వాల్యూమ్ జపనీస్‌లో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి ఉంటే? చదవడానికి లెక్క కథది, సేకరణకు లెక్క చేతిలో ఉన్న ఒక్కో కాపీది. నా దృష్టిలో మాంగా డేటాబేస్ దేన్నైనా మొదట ఈ ఒక్క విషయంలో పరీక్షించాలి.

ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ అనే మాంగానే తీసుకోండి. మామూలు వాల్యూములు 27. మూడేసి వాల్యూములు కలిపిన త్రీ-ఇన్-వన్ ముద్రణలో 9. గట్టి అట్టతో వచ్చిన ఫుల్‌మెటల్ ఎడిషన్‌లో 18. కథ ఒక్కటే, కానీ ఒకదాని 4వ వాల్యూమ్‌కూ మరోదాని 4వ వాల్యూమ్‌కూ సంబంధం లేదు. మామూలు వాల్యూముల్లో 1 నుంచి 9 దాకా కొని, తర్వాత త్రీ-ఇన్-వన్‌కు మారిన మనిషికి కావాల్సింది ఆ ముద్రణలో 4వ పుస్తకం. ఈ చిక్కును లైబ్రరీథింగ్ విడదీసే తీరు నాకు చాలా నచ్చింది. మన దగ్గరున్న కాపీని అది 'పుస్తకం' అంటుంది, అది ఏ రచన తాలూకు కాపీయో చెప్పేదాన్ని 'వర్క్' అంటుంది, రెండూ వేరు. మొదటిది మనది, దాన్ని మన ఇష్టం వచ్చినట్టు దిద్దుకోవచ్చు. రెండోది అందరిదీ. ఒక వర్క్ ఇంకో వర్క్‌ను తనలో కలుపుకుని ఉందని చెప్పే సంబంధం కూడా పెట్టవచ్చు. త్రీ-ఇన్-వన్ 4వ పుస్తకంలో 10, 11, 12 ఉన్నాయని ఒకరు ఒక్కసారి రాస్తే చాలు, ఆ పుస్తకం ఉన్న ప్రతివాళ్లకీ అది కనిపిస్తుంది.

అసలు శ్రమంతా ఈ ఉమ్మడి భాగంలోనే ఉంది.

పుస్తకం చేర్చాలంటే ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) కొట్టి, వివరాలు ఎక్కడి నుంచి తేవాలో ఎంచుకుంటాం. అమెజాన్, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌తో మొదలుపెట్టి వేల లైబ్రరీలు ఆ జాబితాలో ఉన్నాయి. నవలకైతే లైబ్రరీ రికార్డే మేలు, వివరాలు శుభ్రంగా వస్తాయి. మాంగాకు అదే తలనొప్పి. చాలా లైబ్రరీలు సిరీస్ మొత్తానికీ ఒకే రికార్డు రాసి, అన్ని వాల్యూముల ఐఎస్‌బీఎన్లూ అందులోనే పెడతాయి. వాళ్లకు అది సబబే, అన్నీ ఒకే అరలో ఉంటాయి కదా. కానీ మనం 7వ వాల్యూమ్ నంబరు కొడితే సిరీస్ పేరు మాత్రమే వస్తుంది, 7 రాదు. 8 కొట్టినా అంతే. పేరూ రచయితా ఒకటే కాబట్టి సైటు ఆ ప్రతులన్నింటినీ ఒకే వర్క్ కింద చేరుస్తుంది. అలా ఒక వర్క్ పేజీలో 1వ వాల్యూమ్ ముఖచిత్రం, 11వ వాల్యూమ్ మీద ఎవరో రాసిన అభిప్రాయం, 20వ వాల్యూమ్ ప్రతి, అన్నీ కలగలిసిపోతాయి.

దీన్ని సభ్యులు ఎవరైనా విడదీయవచ్చు. వర్క్ పేజీలో ఎడిషన్ల జాబితా తెరిచి, ఐఎస్‌బీఎన్ చూసి ఏది ఏ వాల్యూమో తేల్చుకుని, ఒక్కొక్కటీ వేరుచేసి, సరైన వర్క్‌తో కలపాలి. ఆ తర్వాత సిరీస్‌లో దానికి వరస అంకె ఇవ్వాలి. ఓపిక కావాలి. కానీ ఒక సిరీస్ ఇలా శుభ్రపడ్డాక దాని పేజీ తెరిస్తే వాల్యూములన్నీ వరసగా కనబడతాయి, మన దగ్గర ఏవి ఉన్నాయో, ఏవి లేవో ఇట్టే తెలుస్తుంది. నేను విడదీసినవి ఎక్కడో బ్రెజిల్లోనో జర్మనీలోనో ఉన్న పాఠకుడికి పనికొస్తాయి. వాళ్లు సర్దిన సిరీస్‌లు నాకు సిద్ధంగా దొరికాయి. మనం ఎన్నడూ చూడని మనుషుల పనితో మన అలమర సర్దుకోవడం నాకు నిజంగా ఆనందమిచ్చే విషయం. రాత్రి భోజనాలయ్యాక ఓ అరగంట ఈ పని చేస్తుంటాను.

కొత్తవాళ్లకు ఒక సలహా. మాంగాను లైబ్రరీ నుంచి కాక అమెజాన్ నుంచి చేర్చండి. పేరులోనే వాల్యూమ్ అంకె వచ్చే అవకాశం ఎక్కువ. అంకె రాకపోతే చేర్చగానే మీరే రాసుకోండి.

ఫోన్ యాప్‌లో బార్‌కోడ్ స్కానర్ ఉంది, వేగంగా పనిచేస్తుంది. జపాన్ నుంచి తెప్పించుకున్న పుస్తకాలతో మాత్రం కాస్త జాగ్రత్త. అక్కడి పుస్తకాల వెనుక ఒకదాని కింద ఒకటి రెండు బార్‌కోడ్లు ఉంటాయి. పైది 978తో మొదలయ్యే ఐఎస్‌బీఎన్, జపాన్‌దైతే 978-4. కింది కోడ్ 192తో మొదలవుతుంది. అందులో ఉండేది పుస్తకం రకం, ధర. కెమెరాకు కిందిదే ముందు దొరికితే ఏ పుస్తకమూ రాదు. దాన్ని వేలితో మూసి పట్టుకుంటే సరిపోతుంది. పాత పుస్తకాల షాపుల్లో బార్‌కోడ్ మీదే ధర చీటీ అంటిస్తారు. అది చింపి పాడుచేసుకోకుండా లోపల కాపీరైట్ పేజీలో నంబరు చూసి కొట్టుకోవడం మేలు.

రచయితల పేర్ల దగ్గర మనకు ఒక సౌలభ్యం ఉంది. జపనీయులూ మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. ఇంగ్లిష్ అట్టల మీద అది తిరగబడుతుంది. ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ రచయిత్రి పేరు ఒక రికార్డులో అరకావా హిరోము, ఇంకోదాంట్లో హిరోము అరకావా, మరోదాంట్లో జపనీస్ లిపిలో ఉంటుంది. అప్పుడు ఒకే రచయితకు మూడు పేజీలు తయారవుతాయి. వాటిని కలిపే వీలూ సభ్యులకుంది. ఇంటిపేరు ముందుండే ఊళ్లో పెరిగినవాళ్లు దీన్ని చూడగానే పట్టేస్తారు.

'చదివాను కానీ నా దగ్గర లేదు' అనే విభాగం నాకు చాలా ఉపయోగపడింది. స్నేహితుల దగ్గర అరువు తెచ్చి చదివినవి, అమ్మేసినవి అందులోకి వెళ్తాయి. కొనాల్సినవి విష్‌లిస్ట్‌లో ఉంటాయి, డిసెంబర్లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు వెళ్లే ముందు ఒకసారి చూసుకుంటాను. ఏ పుస్తకం ఎవరికి ఇచ్చామో రాసుకునే సదుపాయం కూడా ఉంది. మా మేనల్లుడు తీసుకెళ్లినవన్నీ అక్కడున్నాయి.

చాలని చోట్లూ ఉన్నాయి. ఒక కథ మొదట ఏ పత్రికలో వచ్చింది, జపాన్‌లో ఇంకా నడుస్తోందా అన్నవి కావాలంటే మాంగాఅప్‌డేట్స్ లాంటి మాంగా సమాచార సైటుకు వెళ్లాల్సిందే. అదే పుస్తకం ఎన్నోసారి అచ్చయిందో పట్టించుకునేవాళ్లకు ఇంకో చిక్కు. మొదటిసారి అచ్చయినదానికీ పదోసారి అచ్చయినదానికీ ఐఎస్‌బీఎన్ ఒకటే, కాబట్టి ఆ తేడా మనమే వ్యాఖ్యల గడిలో రాసుకోవాలి. బాక్స్ సెట్ల సంగతీ అంతే. పెట్టెకు ఒక నంబరు, లోపలి వాల్యూములకు వాటి నంబర్లు వేరే. నేను వాల్యూములను విడివిడిగా చేర్చి, పెట్టెలో వచ్చాయని ఒక ట్యాగ్ పెడతాను. పెట్టెను ఒకే పుస్తకంగా చేర్చుకుంటే లేని వాల్యూముల లెక్క తప్పుతుంది.

ఇంతకు ముందు నేను వాడిన ఒక ఫోన్ యాప్ చెప్పాపెట్టకుండా మూతపడింది, దాంతో నా జాబితా కూడా పోయింది. అందుకే డేటా బయటికి తీసుకునే దారి లేని చోట ఇప్పుడు ఒక్క పుస్తకం కూడా చేర్చను. లైబ్రరీథింగ్ నుంచి మొత్తం కేటలాగ్‌ను ఎక్సెల్ ఫైలుగానో జేసన్ ఫైలుగానో ఎప్పుడంటే అప్పుడు దించుకోవచ్చు. నెలకోసారి దించి పెట్టుకుంటాను.

తెలుగు పుస్తకాలనూ ఇందులోనే చేరుస్తున్నాను. తెలుగు లిపిలో రాసినా వెతికినా ఇబ్బంది లేదు. పాత తెలుగు పుస్తకాల్లో చాలావాటికి ఐఎస్‌బీఎన్ ఉండదు కాబట్టి చేత్తో రాయాలి, ముఖచిత్రం మనమే ఫొటో తీసి ఎక్కించాలి. నేను ఎక్కించిన బొమ్మ తర్వాత చేర్చేవాళ్లకూ దొరుకుతుంది.

చదివిన అధ్యాయాల లెక్క మాత్రమే కావాలంటే, ఎక్కువగా ఫోన్లోనే చదువుతుంటే అనీలిస్ట్ చాలు, ఇంత శ్రమ అనవసరం. కాగితం మీద కొంటూ, ఒకే కథకు రెండు మూడు ముద్రణలు పోగవుతూ, సిరీస్‌ల మధ్యలో ఖాళీలు ఉన్నవాళ్లయితే ఇందులో చేరండి. ముందు ఒక చిన్న సిరీస్‌తో మొదలుపెట్టండి, పది వాల్యూముల లోపుది. దాని వర్క్‌లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, లేకపోతే విడదీసి, అంకెలిచ్చి, అప్పుడు పెద్దవాటి జోలికి వెళ్లండి.