కెఫ్ ఎల్ఎస్50 మెటా: కొలతల్లో కనబడేది, గదిలో వినబడేది

ఒక లౌడ్‌స్పీకర్ మంచిదో కాదో తేల్చడానికి కంపెనీ కరపత్రంలో అచ్చువేసే ఒక్క గీత చాలదు. ఎదురుగా ఒక మీటరు దూరంలో మైకు పెట్టి గీసిన ఆ ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ (ఏ స్వరం ఎంత గట్టిగా పలుకుతుందో చూపే గీత) చదునుగా ఉంటే చాలనుకుని కొనేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. కానీ ఇంట్లో మన చెవికి చేరే శబ్దంలో స్పీకర్ నుంచి నేరుగా వచ్చేది ఒక భాగం మాత్రమే. గోడలకూ నేలకూ కప్పుకూ తగిలి తిరిగి వచ్చేది కూడా అందులో కలిసే ఉంటుంది, కాస్త దూరంగా కూర్చుంటే అదే ఎక్కువవుతుంది. అందువల్ల ఎదురుగా ఎలా పలుకుతుందో చూసినంత శ్రద్ధగా పక్కలకూ పైకీ కిందికీ ఎలా పలుకుతుందో కూడా చూడాలి. కెఫ్ కంపెనీ 2020లో విడుదల చేసిన ఎల్ఎస్50 మెటా జతను ఆ దృష్టితోనే ఇక్కడ సమీక్షిస్తున్నాను. దీని గొప్పతనం ఆ పక్కల పలుకులో ఉంది, దీని పరిమితి పెట్టె కొలతలో ఉంది.

కంపెనీ పూర్వాపరాలు కొద్దిగా తెలిస్తే ఈ డిజైన్ ఎందుకిలా ఉందో అర్థమవుతుంది. అంతకుముందు బీబీసీలోనూ వార్ఫ్‌డేల్ కంపెనీలోనూ పనిచేసిన రేమండ్ కుక్ 1961లో ఇంగ్లండులోని మెయిడ్‌స్టోన్‌లో, కెంట్ ఇంజనీరింగ్ అండ్ ఫౌండ్రీ అనే లోహపు కర్మాగారం ఆవరణలో దీన్ని స్థాపించారు. ఆ కర్మాగారం పేరులోని మొదటి అక్షరాలే కెఫ్ అయ్యాయి. 1970లలో బీబీసీ తన అవసరాలకోసం రూపొందించిన ఎల్ఎస్3/5ఏ అనే చిన్న మానిటర్ స్పీకర్‌లో ఉన్న వూఫరూ (కింది స్వరాలు పలికేది) ట్వీటరూ (పై స్వరాలు పలికేది) కెఫ్ తయారు చేసినవే. అదే దశకంలో లారీ ఫించమ్ నాయకత్వంలోని ఇంజనీర్లు స్పీకర్‌కు క్షణికమైన ఒక పల్స్ ఇచ్చి, దాని స్పందనను కంప్యూటరుతో విశ్లేషించి ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ రాబట్టే పద్ధతిని పరిశ్రమలోకి తెచ్చారు. నేడు మామూలు ల్యాప్‌టాప్‌తో మనం చేసుకునే కొలతలకు మూలం అలాంటి కృషే. కంపెనీ 1992 నుంచి హాంగ్‌కాంగ్‌కు చెందిన గోల్డ్ పీక్ సంస్థ చేతిలో ఉంది. 50 ఏళ్ళ సందర్భంగా, బీబీసీ మానిటర్‌ను తలపులో పెట్టుకుని 2012లో తెచ్చిన ఎల్ఎస్50కి తరువాతి రూపమే ఈ మెటా.

ముందు డ్రైవర్, అంటే శబ్దం పుట్టించే భాగం సంగతి చూద్దాం. మామూలు టూ-వే స్పీకర్లో వూఫర్ కింద, ట్వీటర్ పైన ఉంటాయి. రెండూ కలిసి పలికే క్రాసోవర్ ప్రాంతంలో వాటి మధ్య దూరం తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఉంటే, చెవి కొంచెం పైకో కిందికో జరిగేసరికి ఒకదాని తరంగం రెండోదాన్ని రద్దు చేయడం మొదలుపెడుతుంది. ఎల్ఎస్50 మెటా క్రాసోవర్ 2.1 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంది, అక్కడ తరంగదైర్ఘ్యం సుమారు 16 సెంటీమీటర్లు. విడివిడి డ్రైవర్లున్న స్పీకర్లో ఆ రెండింటి కేంద్రాల మధ్య దూరం కూడా దాదాపు అంతే ఉంటుంది కాబట్టి అలాంటి స్పీకర్ నేలకూ కప్పుకూ పంపే శబ్దంలో సరిగ్గా మనిషి గొంతుకు స్పష్టతనిచ్చే చోట పెద్ద గుంట పడుతుంది. కెఫ్ దీనికి చేసిన పరిష్కారం యూని-క్యూ. 130 మిల్లీమీటర్ల అల్యూమినియం కోన్ నడిబొడ్డులోనే 25 మిల్లీమీటర్ల డోమ్ ట్వీటర్‌ను అమర్చారు. శక్తిమంతమైన నియోడిమియమ్ అయస్కాంతాలు అందుబాటులోకి రావడంతో ట్వీటర్ అంత చిన్నదై, 1988లో ఈ అమరిక మొదటిసారి వీలైంది. రెండు డ్రైవర్లూ ఒకే బిందువు నుంచి పలుకుతాయి కాబట్టి పైకి జరిగినా పక్కకు జరిగినా క్రాసోవర్ దగ్గర ఆ గుంట ఉండదు.

అయితే ఈ అమరికకు తనదైన చిక్కులున్నాయి. ట్వీటర్‌కు వూఫర్ కోనే హారన్‌లా పనిచేస్తుంది, ఆ హారన్ కదులుతూ ఉంటుంది. బేస్ గట్టిగా వచ్చినప్పుడు కోన్ ముందుకూ వెనక్కూ ఎక్కువగా ఊగితే, అదే సమయంలో పలుకుతున్న పై స్వరాలలో వికృతి చోటుచేసుకుంటుంది, అంటే మూలంలో లేని స్వరాలు వచ్చి చేరతాయి. కోన్ అంచున ఉండే రబ్బరు మడత కూడా ట్వీటర్ శబ్దానికి గతుకులా అడ్డుపడుతుంది, అందుకే ఇందులో ఆ మడతను దాదాపు చదునుగా చేశారు. గతుకు సమస్య ఆ విధంగా చాలావరకు తీరింది. కోన్ ఊగడం అనే సమస్య మాత్రం భౌతికశాస్త్రానిది, దానికి మందు కింది స్వరాలను దీని మీద మోపకపోవడమే.

పేరులోని మెటా అనే మాట ట్వీటర్ వెనుక ఉన్న ఒక పళ్ళేనికి సంబంధించింది. డోమ్ ముందుకెంత శబ్దం చేస్తుందో వెనక్కూ అంతే చేస్తుంది. ఆ వెనుక శబ్దం వెనుక గదిలో తగిలి తిరిగి డోమ్ గుండా బయటికొస్తే పై స్వరాలు మసకబారతాయి. అకౌస్టిక్ మెటామెటీరియల్స్ గ్రూప్ అనే సంస్థతో కలిసి తయారు చేసిన ఈ పళ్ళెంలో 30 సన్నని దారులు మెలికలు తిరిగి ఉంటాయి. ఒక్కొక్క దారి పొడవు ఒక్కొక్క పౌనఃపున్యానికి పావు తరంగదైర్ఘ్యంగా పనిచేసి ఆ కొద్దిపాటి పట్టీని మాత్రమే లాక్కుంటుంది, లోపల గాలి ఘర్షణవల్ల ఆ శక్తి వేడిగా మారిపోతుంది. వెనుక శబ్దంలో 99 శాతాన్ని ఇది పీల్చుకుంటుందని కంపెనీ చెబుతోంది. అంతకంటే నాకు ముఖ్యంగా తోచింది వింటున్నప్పుడు తెలిసే తేడా. తంబుర శ్రుతి మీద వయొలిన్ నిలిచి పలికేటప్పుడు విల్లు రాపిడి వినబడుతుంది, కానీ చెవికి గుచ్చుకోదు. గంట తరువాత కూడా వాల్యూమ్ తగ్గించాలనిపించదు.

పెట్టె విషయంలోనూ ఇదే శ్రద్ధ కనిపిస్తుంది. ముందు పలక వంపుగా ఉండటం అందంకోసం చేసిన పని కాదు. పదునైన అంచు దగ్గర శబ్దం వివర్తనం చెంది (వంగి చెదిరి), ఆ అంచే రెండో మూలంలా పలికి, అసలు శబ్దంతో కలిసి రెస్పాన్స్‌లో ఎత్తుపల్లాలు తెస్తుంది. వంపు ఉంటే ఆ ప్రభావం పలచబడుతుంది. ఇంకొక విషయం, పెట్టె వెడల్పు 200 మిల్లీమీటర్లే కాబట్టి సుమారు 600 హెర్ట్జ్ నుంచి కిందికి పోయేకొద్దీ శబ్దం ముందుకే కాక వెనక్కూ చుట్టుకుపోతుంది, ఎదురుగా వినబడేది క్రమంగా 6 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. దీన్ని సరిచేయాలంటే క్రాసోవర్ సర్క్యూట్‌లో పై స్వరాలను తగ్గించడం తప్ప మార్గం లేదు. ఈ స్పీకర్ సెన్సిటివిటీ (ఇచ్చిన విద్యుత్తుకు ఎంత గట్టిగా పలుకుతుందన్న కొలత) 85 డెసిబెల్స్ మాత్రమే ఎందుకో అడిగేవారికి జవాబులో ఒక భాగం ఇది.

ఇక కొలతలు. స్పీకర్‌ను అన్ని దిశల్లోనూ కొలవాలన్న అవగాహనకు పునాది వేసినవారిలో ఫ్లాయిడ్ టూల్ ముఖ్యులు. కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లోనూ ఆ తరువాత హర్మన్ సంస్థలోనూ ఆయన చేసిన పరిశోధన, స్పీకర్ పేరూ ధరా కనబడకుండా వినిపించినప్పుడు శ్రోతలు దేన్ని మెచ్చుకుంటారో కొలతలతో జతపరిచింది. ఆ పద్ధతిలో అడ్డంగా ఒక వలయం, నిలువుగా ఒక వలయం, పది డిగ్రీలకొకటి చొప్పున మొత్తం 70 కొలతలు తీసి, నేరుగా వచ్చే శబ్దం, మొదటి పరావర్తనాలు, మొత్తం ధ్వనిశక్తి అని వేర్వేరు గీతలుగా సగటు కడతారు. ఎల్ఎస్50 మెటాను ఇలా కొలిచినప్పుడు ఈ గీతలన్నీ ఒకే పోలికలో, పైకి పోయేకొద్దీ నెమ్మదిగా వాలుతూ సాగుతాయి. అడ్డం కొలతలకూ నిలువు కొలతలకూ తేడా చాలా తక్కువ. గోడ నుంచి తిరిగి వచ్చే శబ్దం నేరుగా వచ్చిన దాని రంగులోనే ఉందన్నమాట. సోఫాలో మధ్యన కూర్చున్నవారికీ చివర కూర్చున్నవారికీ పాట దాదాపు ఒకేలా వినబడటానికి కారణం ఇదే.

ఇంట్లో కొలిచి చూడాలనుకునేవారు ఒక పరిమితిని గుర్తుంచుకోవాలి. స్పీకరూ మైకూ నేల నుంచి మీటరు ఎత్తులో, మీటరు ఎడంగా ఉంటే, నేలను తాకి వచ్చే శబ్దం సుమారు 1.24 మీటర్లు ఎక్కువ దూరం ప్రయాణించి 3.6 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. అది రాకముందే కొలతను కత్తిరిస్తే గది ప్రభావం తొలగిపోతుంది, కానీ సుమారు 280 హెర్ట్జ్ కిందిభాగం గురించి ఆ కొలత ఏమీ చెప్పలేదు. అందువల్ల గదిలో తీసిన బేస్ గీతను చూపించి స్పీకర్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు. అక్కడ కనిపించేది ఎక్కువగా గదే.

అయినా బేస్ గురించి నిజం చెప్పుకోవాలి. ఆస్ట్రేలియా ఇంజనీర్ నెవిల్ థీల్ 1961లో ప్రతిపాదించి, రిచర్డ్ స్మాల్ 1970లలో విస్తరించిన సూత్రాలతో ఒక డ్రైవర్ ఒక పెట్టెలో ఎంత లోతుకు పోగలదో చెక్క కోయకముందే లెక్కగట్టవచ్చు. చిన్న పెట్టె, లోతైన బేస్, ఎక్కువ సెన్సిటివిటీ అనే మూడింటిలో రెండే దక్కుతాయి. 80 హెర్ట్జ్ దగ్గర వినిపించినంత గట్టిగా 40 హెర్ట్జ్ దగ్గర వినిపించాలంటే కోన్ నాలుగు రెట్లు ఎక్కువ ఊగాలి. కరపత్రంలో 47 హెర్ట్జ్ నుంచి 45 కిలోహెర్ట్జ్ అని కనబడే అంకె 6 డెసిబెల్స్ తగ్గేదాకా లెక్కించినది. మూడు డెసిబెల్స్ అటూ ఇటూ అన్న కఠినమైన కొలమానంతో చూస్తే అది 79 హెర్ట్జ్ దగ్గరే మొదలవుతుంది. రెండు అంకెలనూ కంపెనీయే ప్రకటించింది, అది మెచ్చుకోదగినదే. కొనేవారు మాత్రం రెండోదాన్నే నమ్మాలి.

మన ఇళ్ళలో దీని వాడకం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పన్నెండడుగుల గది పొడవుకు మొదటి అనునాదం సుమారు 47 హెర్ట్జ్, పదడుగుల వెడల్పుకు 56 హెర్ట్జ్. ఇటుక గోడలూ కాంక్రీట్ స్లాబూ బేస్‌ను బయటికి పోనివ్వవు కాబట్టి ఈ స్వరాలు గదిలో ఉబ్బి ఆలస్యంగా చల్లారతాయి. ఈ స్పీకర్ అక్కడ సహజంగానే తగ్గిపోవడం చిన్న గదిలో మేలే చేస్తుంది. గ్రానైటు లేదా టైల్స్ నేల మాత్రం పై స్వరాలను ఉన్నది ఉన్నట్టు తిప్పికొడుతుంది. స్పీకర్లకూ కుర్చీకీ మధ్య మందమైన తివాచీ, ఎదుటి గోడకు పుస్తకాల అర ఉంటే ఈ జత ఇచ్చే స్పష్టత పూర్తిగా దక్కుతుంది. పోర్ట్ (పెట్టెకున్న గాలి రంధ్రం) వెనుకవైపు ఉంది కాబట్టి గోడకు అడుగున్నర ఎడమైనా ఇవ్వడం మంచిది. టీవీ అల్మరా గూటిలో ఇరికిస్తే కొన్న డబ్బుకు అన్యాయం చేసినట్టే.

ఘంటసాల మోనో రికార్డింగు వినిపించడం ఈ జతకు చక్కని పరీక్ష. రెండు స్పీకర్లలోనూ ఒకే సంకేతం పోతున్నప్పుడు గొంతు సరిగ్గా నడుమ, మనిషి నోరంత పరిమాణంలో నిలవాలి. జతలో తేడా ఉన్నా, పక్కల పలుకు అస్తవ్యస్తంగా ఉన్నా ఆ గొంతు వెడల్పై చెదిరిపోతుంది. ఇక్కడ అది కదలకుండా నిలిచింది, అక్షరాల చివరి గమకం దాకా తెలిసింది. మృదంగం కుడివైపు మూత పలికే నాదం నిండుగా ఉంది, ఎడమవైపు గుమికి స్వరం తెలుస్తుంది గానీ బరువు తగ్గుతుంది. నేటి సినిమా పాటల్లోని సింథ్ బేస్ సంగతి చెప్పనక్కర్లేదు.

యాంప్లిఫయర్ ఎంపికలో ఒక హెచ్చరిక అవసరం. దీన్ని 8 ఓమ్‌ల స్పీకర్ అని ప్రకటించారు, కానీ కనిష్ఠ ఇంపీడెన్స్ (యాంప్లిఫయర్‌కు స్పీకర్ చూపే విద్యుత్ నిరోధం) 3.5 ఓమ్‌లని అదే పట్టికలో ఉంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కనిష్ఠం ప్రకటిత విలువలో 80 శాతానికి తగ్గకూడదు, ఆ లెక్కన దీన్ని 4 ఓమ్‌లుగా చూడటమే క్షేమం. కాబట్టి 4 ఓమ్‌ల భారాన్ని నిశ్చింతగా మోయగల, 50 వాట్లకు తగ్గని యాంప్లిఫయర్ తీసుకోవాలి. మూడు మీటర్ల దూరం నుంచి మామూలు స్థాయిలో వినేవారికి అది చాలు, పెద్ద హాలును నింపాలనుకునేవారికి ఈ స్పీకరే చాలదు.

అమెరికాలో జత 1500 డాలర్లకు విడుదలైంది. ఇక్కడ స్టాండ్లతో కలిపి లక్ష రూపాయలకు పైమాటే. ఆ బడ్జెట్‌లో నేలమీద నిలబెట్టే పొడవాటి స్పీకర్లు దొరుకుతాయి, బేస్ మొదటి అవసరమైనవారు వాటినే వినాలి. గాత్రమూ వాద్యమూ ప్రధానంగా వినేవారికి, గది చిన్నదైనవారికి నేను దీన్నే సిఫారసు చేస్తాను. తరువాత వీలున్నప్పుడు ఒక సబ్‌వూఫర్ చేర్చి, 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య కింది స్వరాలను దానికి అప్పగిస్తే బేస్ లోటు తీరడమే కాదు, కోన్ ఊగడం తగ్గి గొంతు మరింత తేటపడుతుంది. అందుకోసం, కింది స్వరాలను స్పీకర్‌కు పోనివ్వని హై-పాస్ ఫిల్టర్ ఉన్న యాంప్లిఫయర్‌ను మొదటే చూసి కొనుక్కోవడం మంచిది.