షోరూంలో స్టూలు: యజమాని మంచితనమా, చట్టమా, యూనియనా... ఏది మేలు?

మా పక్క వాటాలో ఉండే అమ్మాయి ఒక పెద్ద చీరల షోరూంలో పనిచేస్తుంది. చెప్పులు ఎప్పుడు కొన్నా ఒక సైజు పెద్దవే కొంటుంది. పొద్దున పదింటికి వదులుగా ఉండే చెప్పు, రాత్రి తొమ్మిదిన్నరకి పాదాలు వాచి సరిగ్గా సరిపోతుంది. ‘‘కౌంటర్ వెనకాల స్టూలు ఉండదా అమ్మా?’’ అని అడిగాను ఓసారి.

‘‘ఉంది అంకుల్. పై అరలో చీరలు తీయడానికి ఎక్కుతాం’’ అంది.

పెద్ద దుకాణాలు పనివాళ్లని ఎలా చూసుకోవాలో ప్రభుత్వం చెప్పాలా వద్దా అనే వాదన ఎప్పుడు మొదలుపెట్టినా పెట్టుబడులూ, ఉద్యోగాలూ అంటూ ఎటెటో పోతుంది. ఈ స్టూలు దగ్గర ఆగి మాట్లాడుకుంటే కాస్త సూటిగా తేలుతుంది. దాని ఖరీదు అందరికీ తెలుసు. స్టూలు కొని దివాలా తీసిన షోరూం ఎక్కడా లేదు.

పైగా కూర్చోవడం మన బట్టల వ్యాపారానికి కొత్తేమీ కాదు. పాత బట్టల కొట్టు గుర్తుందా? తెల్ల దుప్పటి పరిచిన పరుపులు, బయట చెప్పులు విడిచి వచ్చి కూర్చున్న ఆడవాళ్లు, ఎదురుగా అదే పరుపు మీద కూర్చుని చీర మీద చీర విప్పి పరిచే గుమాస్తా. జీతం తక్కువే, షావుకారు కేకలేస్తాడు, అన్నీ నిజమే. కానీ కూర్చునే అమ్మేవాడు, అమ్మకానికి ఏ లోటూ రాలేదు. కౌంటర్లూ ఏసీలూ వచ్చాక ఆ పరుపు పోయింది. సోఫా మాత్రం వచ్చింది, అది చీర సెలక్షన్ అయ్యేదాకా మొగుళ్లు కూర్చోవడానికి.

ఇప్పుడు మొదటి దారి: ప్రభుత్వం కలగజేసుకోకుండా యజమానికే వదిలేయడం. ఇది కొట్టిపారేయాల్సిన మాటేం కాదు. అమెరికాలో ఆల్డీ సూపర్‌మార్కెట్లలో క్యాషియర్లు కూర్చునే బిల్లు కొడతారు. ఆ కంపెనీ దయతో వేసిన కుర్చీ కాదది, అలా అయితే పని చురుగ్గా సాగుతుందని దాని లెక్క. 2015లో వాల్‌మార్ట్ తన కనీస వేతనాన్ని గంటకి 9 డాలర్లకీ, మరుసటి ఏడాది 10కీ పెంచింది. అప్పటికి అక్కడి కేంద్ర చట్టం అడిగేది 7.25 డాలర్లే. పనివాళ్లు దొరకనప్పుడు, దొరికినవాళ్లు నిలవనప్పుడు యజమాని తనంతట తానే మారతాడన్నది నిజమే.

అయితే మా పక్కింటి అమ్మాయి ఉద్యోగం అలాంటిది కాదు. ఆ షోరూంలో సగం మంది ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. హాస్టలూ భోజనమూ షోరూం వాళ్లే ఇస్తారు. ఉద్యోగం మానేస్తే ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది కూడా వెతుక్కోవాలి. వీళ్లకి ‘‘నచ్చకపోతే మానేయొచ్చుగా’’ అని చెప్పడం తేలిక. ఇంకోటి, యజమానికీ ఓ భయం ఉంటుంది. కస్టమర్ లోపలికి వచ్చేసరికి అమ్మాయిలు కూర్చుని కనిపిస్తే బద్ధకస్తులనుకుంటారని, ఎదురు షోరూంలో అందరూ నిలబడి నమస్కారం పెడుతున్నారని. ఒక్కడే స్టూలు వేయడానికి జంకుతాడు. అందరూ వేయాలన్న రూలు ఉంటే ఆ జంకు పోతుంది. చట్టం పక్షాన నాకు కనిపించే గట్టి వాదన ఇదే. మంచి యజమానిని అది కాపాడుతుంది.

రెండో దారి చట్టం. ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసేవాళ్లకి కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ చెప్పింది. దుకాణంలో నిలబడే కాళ్లు ఎవరికీ గుర్తురాలేదు. బ్రిటన్‌లో అయితే 1899లోనే, అమ్మకాల్లో ఉన్న ప్రతి ముగ్గురు ఆడవాళ్లకీ ఒక ఆసనం ఉండాలని ప్రత్యేకంగా చట్టం చేశారు. మన దగ్గర ముందు కదిలింది కేరళ, 2018లో. తర్వాత 2021లో తమిళనాడు. 2025 నవంబరు 21న దేశమంతటా అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ అనే కేంద్ర కార్మిక చట్టంలోనూ, నిలబడి పనిచేసేవాళ్లకి కూర్చునే ఏర్పాటు అనే మాట ఉంది. పదిమందీ ఆపైన పనిచేసే దుకాణాలన్నీ దాని కిందికి వస్తాయి.

అంటే కాగితం మీద మన స్టూలు వచ్చేసినట్టే. మరి షోరూంలో?

తమిళనాడు చట్టం మాటలు చూడండి: పని మధ్యలో కూర్చునే అవకాశం చిక్కినప్పుడు వాడుకునేలా సీట్లు ఉండాలట. అవకాశం చిక్కిందో లేదో తేల్చేది ఫ్లోర్ మేనేజర్, ఆయన పైన సీసీ కెమెరా. కస్టమర్లు లేనప్పుడు మడతలు సరిచేయమంటారు, మడతలు అయిపోతే మళ్లీ విప్పి మడవమంటారు. లేబర్ అధికారి వచ్చేరోజున స్టూళ్లు వరసగా ఉంటాయి. పైగా కొత్త కోడ్ ఇన్‌స్పెక్టర్‌ని ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’ చేసింది, అంటే తనిఖీతో పాటు సలహాలు ఇవ్వడం కూడా ఆయన పనే. సలహా చెప్పడానికి వచ్చినాయన కేసు రాస్తాడా అన్నది నా అనుమానం.

చట్టానికి ఇంకో బలహీనత కూడా ఉంది. ఇచ్చిన చేత్తోనే వెనక్కి తీసుకోగలదు. మన ఆంధ్రప్రదేశ్ 1988 దుకాణాల చట్టం రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అంది. 2025లో ఆంధ్రప్రదేశ్ కేబినెట్ రోజు పని పరిమితిని 10 గంటలకి పెంచాలని నిర్ణయించింది. మా పక్కింటి అమ్మాయిని అడిగితే నవ్వింది. ఆషాఢం సేల్‌లో ఎనిమిది ఎప్పుడు దాటుతుందో వాళ్లు గడియారం చూడరట.

మూడో దారి యూనియన్. కేరళ చట్టం కూడా సచివాలయంలో పుట్టింది కాదు. కోళికోడ్ మిఠాయి వీధిలోని బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లకి టాయిలెట్ ఉండేది కాదు. నీళ్లు తాగకుండా రోజు గడిపేవాళ్లు. అక్కడే కుట్టుపని చేసుకునే విజి అనే ఆవిడ వాళ్లందరినీ కూడగట్టి ‘పెణ్‌కూట్టు’ అని పెట్టారు. టాయిలెట్‌తో మొదలైన పోరాటం కూర్చునే హక్కు దాకా వచ్చింది. త్రిస్సూర్‌లో ఒక చీరల దుకాణం ముందు సేల్స్ ఆడవాళ్లు రోజుల తరబడి సమ్మె చేశారు. 2018 సవరణ వెనక ఉన్నది ఆ ఒత్తిడే. అదే ఏడాది బీబీసీ వందమంది మహిళల జాబితాలో విజి పేరు కనిపించింది.

మరి యూనియన్ ఒక్కటే చాలదా అంటే, తెలుగు నేల మీద షోరూం అమ్మాయిలకి అంత బలమైన సంఘం నాకైతే కనిపించలేదు. రెండేళ్లు చేసి పెళ్లయిపోయి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. ఎవరు ఎవరిని కూడగడతారు? చందా అడగడానికి వెళ్లేసరికి పాతవాళ్లు ఉండరు.

అందుకే నా ఓటు చట్టానికే, కానీ ఎలాంటి చట్టానికి అంటే కాలిఫోర్నియా లాంటిదానికి. కూర్చుని చేయగలిగే పని అయితే తగిన సీటు ఇవ్వాలన్న రూలు అక్కడ ఎప్పటినుంచో ఉంది. దానికి కాళ్లొచ్చింది మాత్రం 2004లో. రాష్ట్రం తరఫున పనివాళ్లే కోర్టుకెళ్లి జరిమానా అడగొచ్చన్న చట్టం అప్పుడు అమల్లోకి వచ్చింది. క్యాషియర్లకి కుర్చీలు ఇవ్వలేదన్న కేసులో 2018లో వాల్‌మార్ట్ 6.5 కోట్ల డాలర్లకి రాజీ పడింది. ఇన్‌స్పెక్టర్ ఎప్పుడొస్తాడా అని ఎదురు చూడక్కర్లేదు, పగ్గాలు పనిచేసేవాళ్ల చేతిలోనే ఉన్నాయి. మన చట్టాల్లో లేనిది అదే.

అలాగని ప్రభుత్వం షోరూంలో ప్రతి మూలా దూరాలని నేననను. ఇన్సెంటివ్ ఎంత, యూనిఫాం రంగేమిటి, ఏ చీర ముందు చూపించాలి, ఇవి యజమాని ఇష్టం. సీటు, టాయిలెట్, పని గంటలు, వారం సెలవు... అడిగితే ఉద్యోగం పోతుందేమో అని భయపడే సంగతులు ఇవి. ఇంతవరకు చట్టం పట్టుకుంటే చాలు. వీధి చివర కిరాణా కొట్టు జోలికి పోనక్కర్లేదు, అక్కడ ఓనరూ రోజంతా నిలబడే ఉంటాడు.

కోడ్‌లో కూర్చునే మాట ఉందని చెప్పినప్పుడు ఆ అమ్మాయి అడిగింది ఒక్కటే: ‘‘కంప్లయింట్ పేరు లేకుండా ఇవ్వొచ్చా అంకుల్?’’ ఇవ్వొచ్చులే అనబోయి ఆగాను. వాళ్ల ఫ్లోర్‌లో ఉండేది ఆరుగురే.